వైజాగ్ డేటా సెంటర్ సరే, లోపలి కాంతి చిప్ ఎవరిది? నరసరావుపేట ఈసీఈ క్లాస్‌కి అందేదెంత?

2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖపట్నంలో ఏఐ హబ్ పెడుతున్నట్టు ప్రకటించింది. ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడి, అదానీకనెక్స్, ఎయిర్‌టెల్ భాగస్వాములు, సముద్రం కింద నుంచి వచ్చే కేబుళ్లు. ఆ తర్వాత చర్చంతా ఉద్యోగాలెన్ని, భూమి ఎంత, కరెంటు ఎక్కడి నుంచి, నీళ్లు ఎవరివి అన్న వాటి చుట్టూనే తిరిగింది. అవన్నీ అడగాల్సిన ప్రశ్నలే. కానీ ఇంకో ప్రశ్న మిగిలిపోయింది. అలాంటి బిల్డింగులో వేల సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది ఎక్కువగా రాగి తీగల మీద కాదు, కాంతి మీద. ఆ కాంతిని పుట్టించి, మలిపి, తిరిగి కరెంటుగా మార్చే చిప్‌లు ఎవరు డిజైన్ చేస్తారు, ఎవరు తయారు చేస్తారు? ఈ రాష్ట్రంలో ఆ పని నేర్పే కాలేజీ ఏది, ఆ పని ఇచ్చే కంపెనీ ఏది?

ఈ విద్యను ఇంటిగ్రేటెడ్ ఫోటానిక్స్ అంటారు. పేరు వింటే భయమేస్తుంది గానీ విషయం మరీ అంత కష్టమేం కాదు. ఇంట్లో ఫైబర్ ఇంటర్నెట్ ఉన్నవాళ్లకు సగం తెలిసినట్టే. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు, నెలకు 149 రూపాయల ప్యాకేజీతో అది పల్లెలకు వెళ్లింది. గోడకు తగిలించిన ఆ చిన్న డబ్బాలోకి వచ్చే సన్నటి గాజు తీగలో నడిచేది కాంతే. డబ్బా లోపల దాన్ని కరెంటు సిగ్నల్‌గా మారుస్తారు. ఇలా కాంతితో పనిచేసే లేజర్, స్విచ్, డిటెక్టర్ లాంటి భాగాలను విడివిడిగా కొని అతికించడం పాత పద్ధతి. వాటిలో వీలైనన్నింటిని గోరంత సిలికాన్ ముక్క మీదే చెక్కేయడం కొత్త పద్ధతి. కాంతి వెళ్లే దారిని వేవ్‌గైడ్ అంటారు. దాని వెడల్పు సుమారు 500 నానోమీటర్లు, అంటే మనిషి వెంట్రుక మందంలో నూరో వంతు కూడా ఉండదు.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. పరిశ్రమ, యూనివర్సిటీ ఒకదాన్నొకటి ఎందుకు పట్టుకోవాలో అర్థమయ్యేది వీటి దగ్గరే. ఒకటి, సిలికాన్ కాంతిని బాగా మోస్తుంది గానీ పుట్టించదు. లేజర్ కోసం ఇండియం ఫాస్ఫైడ్ లాంటి వేరే పదార్థం తెచ్చి దానికి జోడించాలి. ఆ జోడింపు మీద దశాబ్దాలుగా యూనివర్సిటీ ల్యాబుల్లో పని నడుస్తోంది. రెండోది ప్యాకేజింగ్. ఫైబర్‌లో కాంతి నడిచే భాగం 9 మైక్రాన్లు ఉంటే, చిప్ మీది దారి అందులో చిన్న ముక్కంత కూడా ఉండదు. రెండూ సరిగ్గా ఎదురెదురుగా రావాలి. మైక్రాన్ అటూ ఇటూ జరిగినా కాంతి వృథా. చిప్ చెక్కడానికి అయ్యే ఖర్చు కంటే దాన్ని అతికించి, మూతేసి, టెస్ట్ చేయడానికే ఎక్కువ అవుతుందన్నది ఈ రంగంలో అందరూ ఒప్పుకునే లెక్క. ల్యాబ్‌లో ఒక్క చిప్‌కి ఫైబర్ అతికించడం పీహెచ్‌డీ స్టూడెంట్ చేయగలడు. రోజుకి పది వేలు అతికించాలంటే ఫ్యాక్టరీ కావాలి.

ఫ్యాక్టరీకి వేల కోట్లు కావాలి. ఏ యూనివర్సిటీ దగ్గరా అంత ఉండదు. అలాగని ఇరవై ఏళ్ల తర్వాత పనికొస్తుందో రాదో తెలియని ప్రయోగం మీద ఏ కంపెనీ డబ్బు పెట్టదు. అందుకే ప్రపంచంలో ఈ రంగం ఎక్కడ నిలబడినా మధ్యలో ప్రభుత్వం కూర్చుని, ఇద్దరితో వాటాలు వేయించింది.

మన రైతులకు ఇందులో ఒక పద్ధతి చప్పున అర్థమవుతుంది. పది బస్తాల మిర్చి ఉన్న రైతు గుంటూరు యార్డుకి ఒక్కడే లారీ మాట్లాడుకోడు. ఊళ్లో నలుగురైదుగురు కలిసి లోడు వేసుకుంటారు, ఎవరి బస్తాలకు వాళ్లు కిరాయి ఇస్తారు. చిప్‌ల విషయంలో కూడా అంతే. ఒకే సిలికాన్ పలక మీద పది కాలేజీల, ఐదు స్టార్టప్‌ల డిజైన్లు పక్కపక్కనే వేసి ఒకేసారి తయారు చేస్తారు. దీన్ని మల్టీ ప్రాజెక్ట్ వేఫర్ అంటారు. కోట్లలో ఉండే ఖర్చు లక్షల్లోకి దిగుతుంది. ఈ ఏర్పాటు లేకపోతే చిన్న ఊరి కాలేజీ ఈ రంగంలోకి రావడం కలే.

అమెరికా, హాలెండ్ ఏం చేశాయి?

2015 జూలైలో అమెరికా ప్రభుత్వం ఎయిమ్ ఫోటానిక్స్ అనే సంస్థను ప్రకటించింది. మొత్తం 610 మిలియన్ డాలర్లు. అందులో కేంద్ర రక్షణ శాఖ వాటా 110 మిలియన్లు. మిగిలింది న్యూయార్క్ రాష్ట్రం, కంపెనీలు, యూనివర్సిటీలు. చిప్ తయారీ ఆల్బనీలో. ప్యాకేజింగ్, టెస్టింగ్ కేంద్రం మాత్రం రాచెస్టర్‌లో పెట్టారు. ఈ ఊరి ఎంపిక గమనించాలి. రాచెస్టర్ అంటే కొడాక్ ఊరు. 2012లో కొడాక్ దివాలా పిటిషన్ వేసింది. గాజు, లెన్సులు, కాంతి తెలిసిన పనివాళ్లు ఊళ్లోనే ఉన్నారు, పని పోయింది. ఆ చేతుల నైపుణ్యాన్ని కొత్త రంగానికి మళ్లించే ప్రయత్నం అది. ఇంకో ముఖ్యమైన విషయం, ఎంఐటీ నడిపించిన శిక్షణ విభాగం పీహెచ్‌డీల దగ్గరే ఆగలేదు. మసాచుసెట్స్‌లో స్టోన్‌హిల్, బ్రిడ్జ్‌వాటర్ లాంటి చిన్న కాలేజీలను కలుపుకుని ఫోటానిక్స్ టెక్నీషియన్ కోర్సులు పెట్టారు.

హాలెండ్‌లో ఐండ్‌హోవెన్ టెక్నికల్ యూనివర్సిటీ చుట్టూ ఫోటాన్‌డెల్టా అనే కూటమి ఉంది. 2022లో ఆ కూటమికి 110 కోట్ల యూరోల ప్రణాళిక ఖరారైంది, అందులో 47 కోట్ల యూరోలు ప్రభుత్వ నిధి. యూనివర్సిటీ ల్యాబ్ నుంచి బయటికొచ్చిన స్మార్ట్ ఫోటానిక్స్ లాంటి కంపెనీలు అక్కడ సొంతంగా ఇండియం ఫాస్ఫైడ్ చిప్‌లు చేస్తున్నాయి. మన ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాలంత కూడా లేని ఒక ప్రాంతం ప్రపంచ పటంలోకి ఎక్కింది.

ఇక 2025 మార్చిలో ఎన్విడియా కంపెనీ తన నెట్‌వర్క్ స్విచ్‌లలో కాంతి చిప్‌లను ప్రాసెసర్ పక్కనే కూర్చోబెట్టే డిజైన్లు ప్రకటించింది. కారణం కరెంటు బిల్లు. ఏఐ సర్వర్ల మధ్య డేటా కదలడానికే బోలెడు కరెంటు పోతోంది, రాగి తీగలో వేగం పెరిగేకొద్దీ సిగ్నల్ రెండు మూడు మీటర్లకే చచ్చిపోతోంది. అంటే విశాఖ లాంటి చోట్ల రాబోయే పదేళ్లలో కొనే సామానులో ఈ చిప్‌ల వాటా పెరుగుతుందే గానీ తగ్గదు.

మద్రాసులో మొదలైన పని

మన దేశంలో ఈ రంగానికి చెప్పుకోదగ్గ కేంద్రం ఐఐటీ మద్రాసు. కేంద్ర ఐటీ శాఖ డబ్బుతో అక్కడ సిలికాన్ ఫోటానిక్స్ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ నడుస్తోంది, ప్రొఫెసర్ బిజయ్ కృష్ణ దాస్ దాన్ని నడిపిస్తున్నారు. దాని అల్లిక చూస్తే పరిశ్రమ, యూనివర్సిటీ బంధం ఎలా ఉండాలో కొంత అర్థమవుతుంది. డిజైన్, పరీక్షలు ఐఐటీవి. ప్యాకేజింగ్‌కి బెంగళూరు కంపెనీ ఇజ్మో మైక్రోసిస్టమ్స్. పెద్ద ఎత్తున తయారీకి మలేషియాలోని సిల్‌టెర్రా ఫౌండ్రీతో ఒప్పందం. ఎవరి పని ఏంటో ముందే రాసుకున్నారు.

ఫలితం కూడా కనిపిస్తోంది. కాంతి కణాల సహజమైన అనిశ్చితిని వాడుకుని, ఎవరూ ఊహించలేని సంఖ్యలను పుట్టించే పరికరాన్ని అక్కడ సిలికాన్ చిప్ మీద చేశారు. బ్యాంకు లావాదేవీలకు, సైన్యం సమాచారానికి తాళం వేయడానికి ఇలాంటి సంఖ్యలే కావాలి. ఆ టెక్నాలజీని ఇంద్రార్క క్వాంటమ్ టెక్నాలజీస్ అనే స్టార్టప్‌కి కోటి రూపాయలకు లైసెన్స్ ఇచ్చారు. వ్యాపారం లెక్కలో చూస్తే కోటి చిన్న మొత్తమే, నరసరావుపేటలో మంచి సెంటర్‌లో స్థలం కొనాలన్నా చాలదేమో. కానీ ఇది అమ్మకం కాదు, లైసెన్స్. సొమ్ము యూనివర్సిటీదే, వాడుకునే హక్కు కంపెనీది.

సొమ్ము ఎవరిదన్న దగ్గరే మన దేశంలో పెద్ద గందరగోళం ఉంది. అమెరికాలో 1980లోనే బే-డోల్ చట్టం తెచ్చి, ప్రభుత్వ డబ్బుతో చేసిన పరిశోధన మీద యూనివర్సిటీలకు పేటెంట్ హక్కు ఇచ్చారు. మన దగ్గర అలాంటి బిల్లు 2008లో రాజ్యసభలో పెట్టారు, చివరికి 2014లో వెనక్కి తీసుకున్నారు. కాబట్టి ఇప్పటికీ ఏ సంస్థ నియమాలు ఆ సంస్థవే. ఐఐటీలకు లాయర్లు, పేటెంట్ ఆఫీసులు ఉన్నాయి. జిల్లా కాలేజీలో ఒక పిల్లాడి ప్రాజెక్టును కంపెనీ తీసుకెళ్తే, దాని మీద పేరు ఎవరిది, రాయల్టీ ఎవరిది అని అడిగే మనిషే ఉండడు.

ఇంకో లెక్క. దేశం మొత్తం పరిశోధన ఖర్చు జీడీపీలో 0.64 శాతం. దక్షిణ కొరియా సుమారు 5 శాతం పెడుతోంది. మన 0.64లో ప్రైవేటు కంపెనీల వాటా మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. అభివృద్ధి చెందిన దేశాల్లో కంపెనీలు సగానికి పైగా పెడతాయి. ఈ లోటు పూడ్చడానికని 2023లో అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ చట్టం తెచ్చారు. ఐదేళ్లలో 50 వేల కోట్లు అన్నారు, అందులో 36 వేల కోట్లు ప్రభుత్వేతర వర్గాల నుంచి రావాలన్నారు. కాగితం మీద గొప్ప లెక్కే. ఇప్పటిదాకా పెట్టని కంపెనీలు ఇప్పుడెందుకు పెడతాయన్న దానికి మాత్రం ఆ చట్టంలో జవాబు లేదు. అయితే ఆ ఫౌండేషన్ తెచ్చిన 'పెయిర్' పథకం మాత్రం పల్నాడు లాంటి ప్రాంతాలు పట్టుకోవాల్సిన తాడు. పెద్ద ర్యాంకు సంస్థ హబ్‌గా ఉండి, రాష్ట్ర యూనివర్సిటీలను స్పోక్‌లుగా కలుపుకుని పరిశోధన చేయాలన్నది దాని నియమం.

అమరావతిలో ఏముంది, పల్నాడులో ఏముంది?

2025 ఆగస్టు 12న కేంద్ర కేబినెట్ నాలుగు సెమీకండక్టర్ ప్రాజెక్టులకు ఆమోదం తెలిపింది. అందులో ఒకటి ఆంధ్రప్రదేశ్‌కి వచ్చింది. అడ్వాన్స్‌డ్ సిస్టమ్ ఇన్ ప్యాకేజ్ టెక్నాలజీస్ అనే కంపెనీ, కొరియాకు చెందిన అపాక్ట్ టెక్నాలజీతో ఏటా 9.6 కోట్ల యూనిట్ల సామర్థ్యంతో పెట్టే ప్యాకేజింగ్ ప్లాంట్ అది. ఇది ఫోటానిక్స్ ఫ్యాక్టరీ కాదు. కానీ పైన చెప్పుకున్నట్టు కాంతి చిప్‌ల అసలు ఖర్చు, అసలు నైపుణ్యం ప్యాకేజింగ్‌లోనే. మామూలు చిప్‌ల ప్యాకేజింగ్ నేర్చిన చేతులకే రేపు ఫైబర్ అతికించే పని దొరుకుతుంది. పైగా కేంద్ర సెమీకండక్టర్ పథకంలో కాంపౌండ్ సెమీకండక్టర్లతో పాటు సిలికాన్ ఫోటానిక్స్ పేరు కూడా విడిగా రాసి ఉంది, పెట్టుబడిలో 50 శాతం దాకా కేంద్రం ఇస్తుంది. తలుపు తెరిచే ఉంది. మన రాష్ట్రం నుంచి ఆ పేరుతో ఎవరు లోపలికి వెళ్తారన్నదే చూడాలి.

అమరావతి క్వాంటమ్ వ్యాలీ మీద ప్రచారం బాగా జరిగింది. ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీ పేర్లు పల్లెల్లో కూడా తెలిశాయి. అక్కడికి తెస్తామన్న ఐబీఎం యంత్రం 156 క్యూబిట్లది, అతి చల్లదనంలో కరెంటు సర్క్యూట్లతో పనిచేసేది. అది కాంతి యంత్రం కాదు. అయినా క్వాంటమ్ సమాచారాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి పంపాలంటే కాంతి తప్ప దారి లేదు. 2023లో 6,003 కోట్లతో ఆమోదించిన నేషనల్ క్వాంటమ్ మిషన్‌లో క్వాంటమ్ కమ్యూనికేషన్ కేంద్రాన్ని ఐఐటీ మద్రాసుకి ఇచ్చారు. చెన్నై మనకు దూరమేం కాదు, రాత్రి రైలెక్కితే పొద్దున్నకి దిగుతాం. అమరావతికీ మద్రాసుకీ మధ్య ఈ విషయంలో ఒక గట్టి ఒప్పందం కోసం రాష్ట్ర ప్రభుత్వం ప్రయత్నిస్తే, కొత్త యంత్రం కొన్నదానికంటే ఎక్కువ లాభం ఉండొచ్చు.

పల్నాడు జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. నరసరావుపేటలో జేఎన్‌టీయూ కాకినాడ సొంత ఇంజినీరింగ్ కాలేజీ 2016 నుంచి ఉంది. నరసరావుపేట ఇంజినీరింగ్ కాలేజీ 1998 నుంచి నడుస్తోంది. ఈసీఈ సిలబస్‌లో ఆప్టికల్ కమ్యూనికేషన్ అనే సబ్జెక్టు ఎప్పటి నుంచో ఉంది. అంటే పునాది లేదని చెప్పడానికి లేదు. కొరత ఉన్నదల్లా పైకి కట్టే గోడలకే.

జిల్లా కాలేజీల్లో ఎంఓయూ అంటే ఏంటో అందరికీ తెలుసు. స్టేజీ, ఫ్లెక్సీ, శాలువా, ఫైలు మార్చుకుంటూ ఫోటో. మర్నాడు జిల్లా ఎడిషన్‌లో వార్త. ఏడాది తర్వాత ఆ ఫైలు ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. ఇలాంటివి వంద చేసినా ఒక్క చిప్ బయటికి రాదు. ఒప్పందం నిజమైనదా కాదా తెలియాలంటే తల్లిదండ్రులు కూడా అడగగలిగే ప్రశ్నలున్నాయి. కంపెనీ ఎంత డబ్బు, ఏ నెలలో ఇస్తుంది? పిల్లలు ఎన్ని నెలలు ఆ కంపెనీలో కూర్చుంటారు, ఆ నెలలకు స్టైపెండ్ ఉందా? పేటెంట్ వస్తే కాలేజీ వాటా ఎంత? మిగతావి వీటి తర్వాతే.

కేంద్రం 2022లో మొదలుపెట్టిన చిప్స్ టు స్టార్టప్ కార్యక్రమం కింద 85 వేల మంది ఇంజినీర్లను తయారు చేయాలన్నది లక్ష్యం. లక్షల ఖరీదైన డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను బెంగళూరు సీ-డాక్ నుంచి కాలేజీలకు ఆన్‌లైన్‌లో ఇస్తున్నారు. మెషీన్ కొనక్కర్లేదు, బిల్డింగ్ కట్టక్కర్లేదు. మిర్చి లారీ లాంటి వేఫర్‌లో చోటు దొరికితే డిజైన్ వేసి పంపొచ్చు. జిల్లా కాలేజీ దిగాల్సిన మెట్టు ఇదే. సొంత ల్యాబ్ కోసం పదేళ్లు ఎదురు చూడటం దండగ.

మన ఇళ్లలో మాట్లాడుకోవాల్సిన సంగతి

ఎంసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో మాచర్లలోనైనా గురజాలలోనైనా వినిపించే మాట ఒకటే: "సీఎస్ఈ వస్తే తీసుకో బేటా, ఈసీఈ ఎందుకు?" తల్లిదండ్రులను తప్పు పట్టలేం. లారీ డ్రైవరు, టైలరు, పండ్ల బండి వ్యాపారం చేసే ఇంట్లో నాలుగేళ్ల తర్వాత జీతం రావాలి, అంతే. ఫోటానిక్స్ లాంటి రంగం బీటెక్‌తో ఆగేది కాదు. ఎంటెక్, చాలామందికి పీహెచ్‌డీ. అంటే ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ల దాకా స్టైపెండ్ మీద బతకాలి. ఆ స్టైపెండ్ ఎవరిస్తారన్నదే మన కుటుంబాలకు అసలు ప్రశ్న.

ఇక్కడ దెబ్బ గట్టిగానే తగిలింది. మైనారిటీ విద్యార్థులకు పీహెచ్‌డీ కోసం 2009 నుంచి ఇస్తున్న మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి ఆపేస్తున్నట్టు కేంద్రం ఆ డిసెంబరులో పార్లమెంటులో చెప్పింది. వేరే పథకాలతో కలిసిపోతోందన్నది కారణం. అప్పటికే అందులో ఉన్న స్కాలర్లు కూడా 2025లో నెలల తరబడి డబ్బు రాలేదని రోడ్డెక్కారు. ఈ కోత ఏ సమయంలో వచ్చిందో చూడండి. కేంద్రం సొంత సర్వే ప్రకారమే ఉన్నత విద్యలో ముస్లిం విద్యార్థులు 2019-20లో 21 లక్షలుంటే 2020-21కి 19.21 లక్షలకు పడిపోయారు. మొత్తం విద్యార్థుల్లో 4.6 శాతం. జనాభాలో 14 శాతం ఉన్న సమాజానికి ఈ అంకె.

ఇప్పుడున్న దారులు అందరితో పోటీ పడేవే. నెట్ రాసి జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటే 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు, రెండేళ్ల తర్వాత 42 వేలు. గేట్‌తో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400. ఐఐటీల్లో ప్రైమ్ మినిస్టర్ రీసెర్చ్ ఫెలోషిప్ 70 వేల నుంచి 80 వేల దాకా ఉంది, 2025 బడ్జెట్‌లో ఐదేళ్లకు 10 వేల ఫెలోషిప్‌లు ప్రకటించారు. అంకెలు తక్కువేం కాదు. బీటెక్ చదివిన పిల్లకి హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగంలో వచ్చే జీతం చాలాసార్లు ఇంతకంటే తక్కువే. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. మన రాష్ట్రంలో బీసీ-ఈ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన ఐఐటీల్లో ఓబీసీ కోటా వచ్చేయదు, కేంద్ర జాబితా వేరు. ఆ జాబితాలో పేరు లేని కుటుంబాలు, ఏడాది ఆదాయం 8 లక్షల లోపైతే, మిగతా షరతులు కూడా సరిపోతే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కి అప్లై చేసుకోవచ్చు. ఈ చిన్న సంగతి తెలియక జనరల్‌లో అప్లై చేసి సీటు పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

జల్సాల్లో, స్కూల్ ఫంక్షన్లలో ఇబ్న్ అల్-హైసమ్ పేరు గర్వంగా చెప్పుకుంటాం. కాంతి మీద 'కితాబుల్ మనాజిర్' రాసిన మహానుభావుడు. 2015లో అంతర్జాతీయ కాంతి సంవత్సరం జరిపినప్పుడు ఆ పుస్తకానికి వెయ్యేళ్లని ప్రపంచమే గుర్తు చేసుకుంది. అయితే ఆయన పేరు చెప్పే సభల్లో గేట్ కోచింగ్ ఫీజు కట్టలేని పిల్లల కోసం చందా ఎంత పోగవుతోందో కూడా కమిటీలు లెక్క చూసుకుంటే బాగుంటుంది.

పీహెచ్‌డీ దాకా వెళ్లలేని పిల్లలకూ ఈ రంగంలో చోటు ఉండాలి. రాచెస్టర్, మసాచుసెట్స్ అనుభవం చెప్పేది అదే. మైక్రోస్కోపు కింద ఫైబర్ అతికించే పనికి, టెస్టింగ్ బెంచ్ నడిపే పనికి డిప్లొమా చాలు, చేతి నిదానం కావాలి. కొరియా కంపెనీతో వచ్చే ప్యాకేజింగ్ ప్లాంట్‌కి టెక్నీషియన్లు ఎక్కడి నుంచి వస్తారన్నది రాష్ట్ర సాంకేతిక విద్యా శాఖ ఇప్పుడే తేల్చుకోవాలి. ప్లాంట్ మొదలయ్యాక కోర్సు పెడితే మొదటి బ్యాచ్ ఉద్యోగాలు వేరే రాష్ట్రాల వాళ్లకే పోతాయి. పల్నాడు పాలిటెక్నిక్‌లను ఆ జాబితాలో చేర్చమని అడగాల్సింది జిల్లా ఎమ్మెల్యేలు, ఎంపీ.

ఇంటి దగ్గర నుంచే మొదలుపెట్టాలనుకునే ఈసీఈ, ఫిజిక్స్ విద్యార్థులకు, ముఖ్యంగా హాస్టల్‌కి పంపడానికి ఇంట్లో వెనకాడే ఆడపిల్లలకు, ఒక దారి ఇప్పటికే ఉంది. ఐఐటీ మద్రాసు ప్రొఫెసర్ బిజయ్ కృష్ణ దాస్, బెంగళూరు ఐఐఎస్‌సీ ప్రొఫెసర్ శంకర్ కుమార్ సెల్వరాజ ఇదే సబ్జెక్టు మీద చెప్పిన పూర్తి కోర్సులు ఎన్‌పీటీఈఎల్‌లో ఉన్నాయి. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటేనే ఫీజు. స్వయం ద్వారా చదివే కోర్సుల నుంచి 40 శాతం దాకా క్రెడిట్లు డిగ్రీలో కలుపుకునే వీలు యూజీసీ 2021 నిబంధనల్లో ఉంది. ఎన్‌పీటీఈఎల్ సెమిస్టర్లు ఏటా జనవరిలో, జూలైలో మొదలవుతాయి. ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సుకి పరీక్ష పెడుతున్నారో, తమ కాలేజీ ఆ క్రెడిట్లను ఒప్పుకుంటుందో లేదో చేరే ముందే హెచ్‌ఓడీని అడిగి, వీలైతే రాతపూర్వకంగా తీసుకోవాలి.